లాన్‌లో భీమవ్వ ముగ్గు

అదిగో, ఈ ఫోటోలో లాన్ చూసి మీరూ గడ్డికి రంగేశారనే అనుకుంటున్నారు. రంగు కాదండీ. మా బాలనర్సయ్య గడ్డి కోసే మిషన్ వెనక ఒక రోలరుంటుంది. అటు తోస్తే గడ్డి అటు వాలి తెల్లగా మెరుస్తుంది, ఇటు తోస్తే ఇటు వాలి నల్లబడుతుంది. కిటుకంతా అదే. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో తోటపని చేస్తూ నేర్చుకున్నాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక నిజామాబాద్ వచ్చి, పాత బండికి మిషన్ కట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు.

మొన్న సుమిత్రమ్మ గారి బిడ్డ నిఖిత నిశ్చితార్థం. సాయంత్రం వాళ్ల లాన్‌లోనే. ముందురోజే చారలు చారలుగా అందంగా కోసి వచ్చాడు. తెల్లారి పెళ్లాం రాధాబాయి తను చుట్టిన బీడీల సంచి బండికి తగిలించింది.

"మధ్యాన్నంలోపు కార్ఖానల ఇయ్యకుంటే తీసుకోరు. యాదుంచుకో."

దారిలో ఉండగానే సుమిత్రమ్మ ఫోన్.

"నర్సయ్యా, కొంప మునిగింది. జల్ది రా!"

చూసొద్దామని పోయాడు. గేటు దగ్గరే పేడ వాసన. సుమిత్రమ్మ అత్త భీమవ్వ తెల్లవారుజామునే లేచి లాన్ అంతా సాన్పి చల్లింది. పేడనీళ్లకు గడ్డి ముద్దముద్దయి ఒక్క చార మిగల్లేదు.

"సుట్టాలు కూసునే జాగల పెండనీళ్లా అత్తమ్మా?" సుమిత్రమ్మ ఏడుపొక్కటే తక్కువ.

"వాకిలి నిండ టైల్సేపిస్తివి. సాన్పి సల్లనియ్యవు, ముగ్గెయ్యనియ్యవు. శుభకార్యం పూట మట్టున్న జాగ గిదొక్కటే కనవడ్డది. ఇంకేడ సల్లాలె?" అంది ముసలమ్మ. అని మెట్ల మీద కూలబడింది.

"తిట్టకమ్మా, ఎరువే గదా" అని బాలనర్సయ్య పైపు అందుకున్నాడు. కడగడానికి ఎంతోసేపు పట్టలేదు గానీ, తడి ఆరేదాకా రోలరు పెట్టడానికి లేదు. ఎండ కోసం కూర్చున్నాడు. మధ్యాహ్నం అట్లాగే దాటిపోయింది.

గడ్డి ఆరాక మిషన్ తీశాడు. భీమవ్వ ఇంకా ముఖం దించుకునే ఉంది.

"అవ్వా, ఏం ముగ్గేద్దామనుకున్నవ్?"

"పద్మం."

"గీ మిషన్ గన్ని మెలికలు తిరగది. గీతలది సెప్పు."

ముసలమ్మ కొంగు బిగించి లేచింది. తను ముందు నడుస్తుంటే వెనక అతను మిషన్ తోశాడు. "గటు కాదు బిడ్డా, మూల కలువాలె!" అని అరుపులు. "ఎండల తిరగకు అత్తమ్మా" అని సుమిత్రమ్మ అంటూనే ఉంది. ఎవరూ వినలేదు.

సాయంత్రం పిల్లగాడి వాళ్లు మేడెక్కి చూసి, ఫోటోలు తీసి, ఇంత చక్కటి ముగ్గు ఎవరేశారని అడిగారు.

"నేనే ఏసిన" అంది భీమవ్వ. "గీయిన మిషన్ తోసిండు."

బాలనర్సయ్య పకపకా నవ్వాడు. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. రాధాబాయి.

"బీడీలిచ్చినవా?"

గేటు బయట బండికి సంచి తగిలించినట్టే ఉంది. కార్ఖానా ఎప్పుడో మూసేశారు.