మెయిళ్లకు చేసిన మర్యాద

ఆ పీట ఇటు లాక్కుని నా పక్కన కూర్చోండి. చాయ్ మరిగేలోపల చెప్పేస్తాను. నవ్వొస్తే ఆపుకోకండి. నా మీద నేను నవ్వుకుని అలసిపోయాను, ఇక మీ వంతు.

మాది ఆర్మూర్. పసుపు ఉడకబెట్టే రోజుల్లో మా వాడకట్టులో ఆరేసిన బట్టలకు కూడా ఆ వాసనే పడుతుంది. నేను చదివింది ఐదో తరగతి. కానీ ఎవరి పెళ్లిలో ఏ కూరకు ఉప్పు తక్కువైందో అడగండి, ఇప్పటికీ చెబుతాను. పెళ్లయిన కొత్తలో పసుపు దుకాణంలో కొమ్ములు ఏరే పనికి పోయేదాన్ని. మా ఆయన గల్ఫ్‌లో వంటపని చేసేవాడు. మోకాళ్లు అరిగి తిరిగొచ్చాక, ఇద్దరం కలిసి యూనివర్సిటీలో క్యాంటీన్ తీసుకున్నాం. పొద్దున మొదటి బస్సుకు పోతాం, దీపాలు పెట్టే వేళకు ఇంటికొస్తాం.

ఆ క్యాంటీన్ మాకు రాసిచ్చిన ఆస్తి ఏమీ కాదు. ఏడాదికోసారి ఆఫీసువాళ్లు "వచ్చే ఏడు కూడా నడుపుతారా" అని అడుగుతారు. నడుపుతామంటే మాది, లేకుంటే ఇంకొకరిది. అది పోతే మా ఆయన ఆ మోకాళ్లతోనే మళ్లీ విమానం ఎక్కాలి. ఇదివరకు ఆ మాట సూపరింటెండెంట్ సారు చాయ్ తాగుతూ అడిగేవాడు, నేను గ్లాసులు కడుగుతూ ఊ కొట్టేదాన్ని. అంతటితో పని అయిపోయేది. ఈమధ్య పద్ధతి మార్చారు. ఏం అడిగినా, ఏం చెప్పినా మెయిల్‌లోనే. నాకూ యూనివర్సిటీ పేరు మీద ఒక మెయిల్ తెరిచి ఇచ్చారు. ఇంగ్లీషులో వచ్చిందాన్ని తెలుగు చేసే గుర్తు ఒకటి, నేను మాట్లాడితే రాసుకునే మైకు గుర్తు ఒకటి ఫోనులో చూపించారు. ఇంకేం కావాలి? పక్కింటి గోడ మీద నుంచి మాట్లాడినంత తేలికనుకున్నాను.

మొదటి మెయిల్ వచ్చిన రోజు బజ్జీల పిండి కలుపుతున్నాను. చెయ్యి తుడుచుకుని చదివి, మళ్లీ చదివాను.

"ఏమే, గట్ల నిలబడ్డవేంది? ఎవలు రాసిండ్రు?" అన్నాడు మా ఆయన.

"ఎవలో పత్రికోళ్లట. నన్ను గౌరవనీయులైన ప్రొఫెసర్ గారూ అంటున్నరు."

"నిన్నా?"

"నన్నే. నా పరిశోధన మస్తు గొప్పగ ఉందట. ఇంకోటి రాసి పంపాలెనట."

"నీ పరిశోధన ఏందే? మిర్చిల వాము ఎంత వెయ్యాలెనో గదేనా?"

"గదే అయ్యుంటది. తిన్నోళ్లెవలో చెప్పిండ్రు కావచ్చు."

"అయితే ప్రొఫెసరమ్మా, గా కిటికీ కాడి టేబుల్‌కు రెండు చాయ్‌లు ఇచ్చి రా."

అప్పటి నుంచి ఆయనకు నా పేరు ప్రొఫెసరమ్మే. ఆయన వెక్కిరిస్తున్నాడని తెలిసినా నాకు లోపల హాయిగానే ఉండేది. ఐదో తరగతిలో నా చెవి మెలేసిన పంతులు ఆ మెయిల్ చూడాలని ఎంత అనిపించిందో!

ఆ తర్వాత మెయిళ్లు రాసాగాయి. అప్పిస్తామని ఒకడు, లాటరీ తగిలిందని ఒకడు, ఒళ్లు తగ్గే మందు అని ఒకడు. ఆ చివరివాడు నన్ను ఎక్కడ చూశాడా అని రెండు రోజులు చీర కొంగు నిండుగా కప్పుకుని తిరిగాను.

ఇక్కడ మా ఇళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. గుమ్మం ముందుకొచ్చినవాళ్లను, గాజులామె కానీ చేపలతను కానీ, "వద్దు పో" అనకూడదు. "ఇప్పుడు చెయ్యి ఖాళీ లేదు బిడ్డా, మల్లా రా" అనాలి. ఆ మాటకు అర్థమేమిటో వాళ్లకు బాగా తెలుసు. గంప సర్దుకుని పక్కింటికి పోతారు, మనసు నొచ్చుకోదు. మా అత్త నాకు కూర పోపు కంటే ముందు నేర్పింది ఈ మాటే. మెయిల్ అంటే మాత్రం ఏమిటి? గుమ్మం ముందుకొచ్చి పిలవడమే కదా. పలకకుండా ఉంటే ఏం మర్యాద? అందుకని మైకు గుర్తు నొక్కి, వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాను. "చెయ్యి ఖాళీ లేదు బిడ్డా, మల్లా రా." లాటరీవాడికీ అదే, ఒళ్లు తగ్గే మందువాడికీ అదే. తీరిక లేనప్పుడు చదవకుండానే చెప్పేసేదాన్ని. పొయ్యి మీద నూనె కాగుతుంటే ఎవరని చూడగలం?

ఒక్క ఆమెకు మాత్రం అలా చెప్పబుద్ధి కాలేదు. ఏదో దూరదేశం మనిషి. భర్త పోయాడట, పిల్లల్లేరట, ఒంట్లో పెద్ద జబ్బట. తన ఆస్తంతా నాకే ఇస్తానంది. ఆస్తి నాకెందుకమ్మా, ముందు నీ ఒళ్లు చూసుకో, పాలల్లో పసుపూ మిరియాలూ వేసుకుని తాగు అని చెప్పాను. ఆమె నా బ్యాంకు నంబరు అడిగింది. మా ఊరి పసుపు పంపిస్తాను, నీ ఇల్లెక్కడో చెప్పు అన్నాను. ఆమె మళ్లీ బ్యాంకు నంబరే అడిగింది. పసుపుకు బ్యాంకు నంబరెందుకని నేను. అలా మా ఇద్దరి మధ్య చాలా మాటలు నడిచాయి. ఆమె దగ్గర పసుపు తీసుకునే గుణం నాకు కనబడలేదు, నా దగ్గర నంబరు ఇచ్చే గుణం ఆమెకు కనబడలేదు.

నేను మల్లా రా అన్నవాళ్లంతా చెప్పిన మాట జవదాటకుండా మళ్లీ వచ్చారు. వెంట ఇంకొందరిని తెచ్చుకున్నారు. ఫోను ఉడుకుతున్న కుండలా ఆగకుండా గునగునలాడేది.

ఒకరోజు కంప్యూటర్ సెక్షన్ మేడం వచ్చింది. మా పక్కనున్న దొంకేశ్వర్ ఊరి పిల్ల. రోజూ నా దగ్గరే ఉప్మా తింటుంది, ఆ చనువుతో నన్ను అమ్మా అని, మా ఆయన్ని బాపు అని పిలుస్తుంది.

"అమ్మా, యూనివర్సిటీ మొత్తంల నీకొచ్చినన్ని చెత్త మెయిళ్లు ఎవలకు వస్తలేవు. ఏం జేస్తున్నవ్ నువ్వు?"

"ఏం జెయ్యలే బిడ్డా. వచ్చినోళ్లకు మంచిగ చెప్పి తోలుతున్న."

ఫోను తీసుకుని చూసింది. ఉప్మా పొలమారింది. నీళ్లు తాగి మళ్లీ చూసింది, మళ్లీ పొలమారింది.

"లాటరీ దొంగకు మల్లా రమ్మన్నవా అమ్మా?"

"అంటే రావద్దనే గదా బిడ్డా!"

"గది మన ఆర్మూర్ల. గీ మెయిళ్లకు గేటు కాడ మనిషి లెక్క ఫిల్టర్ అని ఒకటుంటది. చెత్తను గదే ఆపుతది. కని నువ్వు ఎవలకు జవాబిస్తే వాళ్లు నీ సుట్టాలనుకుంటది. మల్లొస్తే సల్లగ లోపలికి తోలుతది. గా ఫిల్టర్‌ది ఆర్మూర్ గాదమ్మా!"

తర్వాత నేర్పించింది. చెత్త అనిపించినదాని పక్కన ఉన్న గుర్తు నొక్కాలి. నొక్కినకొద్దీ ఫిల్టర్ నేర్చుకుంటుంది, అలాంటివాటిని ఇక గేటు దగ్గరే ఆపి పెడుతుంది.

"ఏరుడే గదా! నాకు రాదా?" అన్నాను. చూడండి నా ధీమా.

పసుపు కొమ్మునైతే పుటుక్కున విరిస్తే లోపలి రంగు తెలుస్తుంది. మెయిల్‌ను ఎలా విరుస్తాం? అందుకని నాకు నేనే ఒక కొలత పెట్టుకున్నాను. బాగున్నారా అని పలకరించి, నాలుగు మంచి మాటలు రాసినవాళ్లను చెత్త అనడానికి నాకు చెయ్యి రాలేదు. ముఖ్యంగా ప్రొఫెసర్ గారూ అన్నవాళ్లను. కాబట్టి ముందు పొడిపొడిగా రాసినవాటిని పట్టుకున్నాను. నమస్కారం లేదు, క్షేమం అడగడం లేదు, నెత్తిన ఏవో అంకెలు, కింద అతికించిన కాగితం. మనిషన్నవాడు ఇలా రాస్తాడా? మిగతాది చదవకుండానే గుర్తు నొక్కాను. చెత్త. ఇదీ చెత్తే. కొన్నాళ్లకు గునగున తగ్గింది. ప్రొఫెసర్ గారిని పొగిడేవాళ్లు తప్ప ఇంకెవరూ రావడం లేదు. చూశావా, ఫిల్టర్‌కు పాఠం ఎలా నేర్పానో అని మా ఆయన ముందు గొప్పలు పోయాను.

ఒకరోజు మధ్యాహ్నం తిండి రద్దీ తగ్గాక, ఎవరో మనిషి టేపు పట్టుకుని నా వంటగదిలోకి వచ్చాడు. గోడ కొలిచాడు. పొయ్యి గట్టు కొలిచాడు.

"ఏంది బిడ్డా కొలుస్తున్నవ్?"

"దోశ పెనం ఈడ పడుతదా లేదా అని చూస్తున్నమ్మా. మీరు ఖాళీ చేస్తున్నరట గదా? ఆఫీసుల చెప్పిండ్రు. ఇయ్యాల పొద్దుగూకితే నాకు ఇస్తమన్నరు."

నా చేతిలోని గరిటె గిన్నెలో పడింది. మా ఆయన ఒంగి మోకాలు ఒత్తుకున్నాడు. అది చూసి చెప్పులు కూడా వేసుకోకుండా కంప్యూటర్ సెక్షన్‌కు ఉరికాను.

మేడం నా ఫోనులో మెయిల్ తెరిచి, ఫిల్టర్ ఆపిపెట్టినవన్నీ బయటికి తీసింది. ఆఫీసు మెయిళ్లు వరసగా ఉన్నాయి. క్యాంటీన్ కొనసాగిస్తారా అని ఒకటి. గుర్తు చేస్తున్నామని ఒకటి. ఈ రోజు సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే వద్దనుకున్నట్టే భావిస్తామని ఇంకొకటి. అన్నీ పొడి మాటలే. మొదటిదాన్ని నా చేత్తోనే చెత్తలో వేశాను, తర్వాతవాటిని నన్ను చూసి నేర్చుకున్న ఫిల్టర్ ఆపేసింది.

"అమ్మా, అన్నిటికంటె ముందుదానికి నువ్వు జవాబు గూడ ఇచ్చినవ్," అంది మేడం మెల్లగా.

"ఏమిచ్చిన?"

పైకి చదవలేక ఫోను నా వైపు తిప్పింది. "చెయ్యి ఖాళీ లేదు బిడ్డా, మల్లా రా."

సూపరింటెండెంట్ సారుకు రేపో మాపో పింఛను వస్తుంది. నా కంటే చాలా పెద్దవాడు. ఆయన్ని బిడ్డా అన్నాను.

అక్కడి నుంచి నేరుగా ఆయన గదికి పోయాను. తలెత్తి చూశాడు.

"రా అమ్మా. ఇయ్యాల చెయ్యి ఖాళీ అయినట్టుంది."

"సార్, మీరని తెల్వక..."

"నాకెర్కనే. మా అమ్మ గూడ గట్లనే అంటుండె. నువ్వన్నట్టే మల్లొచ్చిన గదమ్మా, రెండుసార్లు రాసిన. తలుపే తెరవకపోతివి."

"మీ పైన పెద్ద సారుకు మీరే ఒక మాట చెప్పరాదు సార్?"

"చెప్పిన. మా దిక్కు గట్ల అంటరు సార్ అన్న. ఆయనది వేరే దిక్కు. ఖాళీ లేదంటే వద్దన్నట్టే గదా అన్నడు. ఇంకా పొద్దుంది. నోటితో చెప్తే నడవది, మెయిల్‌ల రాయి. కావాలంటే కావాలని రాయి. మర్యాద మాత్రం చెయ్యకు."

మళ్లీ మేడం దగ్గరికి. మైకు నొక్కి మొదలుపెట్టాను. "సార్ గారికి నమస్కారం, ఇంట్లో అందరు మంచిగున్నరా..." మేడం చెరిపేసింది. "మీకు ఇబ్బంది లేకపోతే, మీ దయ ఉంటే..." అదీ చెరిపేసింది. ఒక వస్తువు కావాలని ఎదుటి మనిషి ముఖం మీద అనడం నాకు పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. విందులో కూడా ఇంకొంచెం వెయ్యనా అంటే చాలు చాలు అంటూనే విస్తరి ముందుకు జరుపుతాం కదా. అలాంటి నోటిని ఒక్క మాట అనమంటే నాలుక తిరగలేదు.

"అమ్మా, బాపు మోకాళ్లు యాది చేసుకో," అంది మేడం.

"కావాలి," అన్నాను. పక్క గదిలోవాళ్లు తొంగిచూసేంత గట్టిగా.

అది పంపి, ఆఫీసు చిరునామాను చెత్తలోంచి తీసి నమ్మకమైనవాళ్లలో పెట్టింది మేడం. నేను ఆమె పక్క కుర్చీలోంచి లేవలేదు. కిటికీలో ఎండ గోడ దిగుతుండగా జవాబు వచ్చింది. నమస్కారం లేదు, క్షేమం అడగడం లేదు, నెత్తిన అంకెలు. వచ్చే ఏడాదికి క్యాంటీన్ మీకే కొనసాగించడమైనది, అని. ప్రొఫెసర్ గారూ అని పొగిడిన వాటిలో ఏదీ నాకంత తియ్యగా అనిపించలేదు.

తిరిగొచ్చేసరికి మా ఆయన ఆ టేపు మనిషిని కూర్చోబెట్టి చాయ్ పోసి, బిస్కెట్లు పెట్టి, దోశ పెనం ఎటువైపు పెడితే పొగ రాదో చెబుతున్నాడు. నన్నంటారు గానీ, ఆయన మర్యాద మాత్రం తక్కువా? నా ముఖం చూసి ఆయనకు విషయం తెలిసిపోయింది. గ్లాసు ఎత్తి నవ్వాడు.

నేను టేపు మనిషి దగ్గరికి పోయాను. "ఇప్పుడైతే చెయ్యి ఖాళీ లేదు బిడ్డా. మల్లా రా."

పాపం, మా దిక్కు మనిషే. ఒక్కసారికే అర్థం చేసుకున్నాడు. మిగిలిన చాయ్ తాగి, టేపు చుట్టుకుని, "వస్తనమ్మా" అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, ముందు ఫిల్టర్ ఆపినవాటిని చూస్తాను, తర్వాతే మిగతావి. ప్రొఫెసర్ గారిని పొగిడినవాళ్లందరినీ చెత్తలో వేశాను, ఒక్కొక్కరి దగ్గరా కొంచెం మనసు పీకినా. ఆ దూరదేశం ఆమెను అందరికంటే చివర వేశాను. వేసే ముందు ఫోనులో మైకు నొక్కకుండా, ఉత్త గాలికే, పసుపు పాలు మానకు తల్లీ అని చెప్పాను. ఫిల్టర్‌కు వినబడలేదు లెండి.

ఇదిగో, చాయ్ మరిగింది, గ్లాసు పట్టుకోండి. మీ గుమ్మంలోకి మీ మేలు కోరేవాళ్లే రావాలి. పొడిగా మాట్లాడే మంచివాళ్లను మీ ఇల్లు గుర్తుపట్టాలి. మీ పొయ్యి ఆరకుండా, మీ ఇంట్లో పెద్దల మోకాళ్లు నొవ్వకుండా, పిల్లల నవ్వు తగ్గకుండా పసుపూ కుంకుమలతో మీ ఇల్లు చల్లగా ఉండాలి.