సెంటర్ నుంచి కొట్టిన గోల్

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టేవారిని నేను సాధారణంగా నమ్మను. ఆ రెండు మాటల తర్వాత వచ్చే ప్రతి మామిడిపండూ నేటి పండుకంటే తీపిగానే ఉంటుంది, ప్రతి ఆటగాడూ నేటి ఆటగాడికి అందనంత ఎత్తులోనే ఉంటాడు. అందుచేత నా ఆ రోజుల సంగతి చెప్పబోయే ముందు నాకు నిశ్చయంగా తెలిసినదేదో, కేవలం విన్నదేదో వేరుచేసి పెట్టడం న్యాయం. నిశ్చయంగా తెలిసినవి ఇవి. గోదావరి జిల్లాలోని ఒక పట్టణంలో ఒక కాలేజీ ఉంది. దానికి ఫుట్‌బాల్ గ్రౌండ్ ఉంది, గ్రౌండ్‌కు ప్రహరీగోడ ఉంది. ఎనభైల్లో అక్కడ గూడ్సు అనే మారుపేరుగల విద్యార్థి ఒకడు ఆడేవాడు. ఇక విన్నవంటారా, మిగతావన్నీ విన్నవే.

రెండువేల పదకొండులో నేను లెస్టర్‌లో గణాంకశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతూ ఉండేదాన్ని. (పటంలో చూసి లీసెస్టర్ అనుకుంటూ విమానం దిగిన నన్ను ఇమ్మిగ్రేషన్ అధికారి సరిదిద్దాడు. ఆ దేశంలో ఆధారం అడగకుండా నేను ఒప్పుకున్న మొదటి సవరణా, చివరి సవరణా అదే.) మాది హనుమకొండ. నేను అద్దెకున్నది మాత్రం ఒక గోదావరి కుటుంబంలో. ఆంటీ నర్సింగ్ హోమ్‌లో నర్సు, అంకుల్ సిటీ బస్సు డ్రైవరు. అంకుల్ మేనల్లుడు కూడా నాలాగే ఎమ్మెస్సీ చదువుతూ అదే ఇంట్లో ముందుగదిలో ఉండేవాడు. మామా అల్లుళ్ళిద్దరూ ఇరవై ఏళ్ళ తేడాతో ఒకే కాలేజీలో చదివారు. ఇద్దరూ ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఉన్నారు, ఇద్దరూ ఎక్కువ కాలం బెంచీ మీదే ఉన్నారు. బెంచీ మీద కూర్చున్నవాడికి ఆట మీద ఉండేంత భక్తి ఆడేవాడికి ఉండదని నేను గమనించాను. అయితే ఇది ఇద్దరిని చూసి చేసిన పరిశీలన మాత్రమే. దీన్ని సిద్ధాంతం అనలేను.

అంకుల్ కాలపు దేవుడు గూడ్సు. కదలడం ఆలస్యమేగాని, కదిలాక అవతలి జట్టుకు రైల్వేగేటు పడినట్టేనని ఆ పేరు. మేనల్లుడి కాలపు దేవుడు సూది, ఎంత సన్నని సందులోనైనా దూరిపోతాడని. వీరిద్దరిలో ఎవరు గొప్ప అన్న చర్చ ఆ ఇంట్లో ఇడ్లీల దగ్గర మొదలై కారులో కొనసాగి, ఆదివారం ప్రార్థన జరిగినంతసేపు మాత్రం ఆగి, చర్చి మెట్ల మీద మళ్ళీ అందుకునేది.

“ఒరేయ్, మీ సూదిగాడు పడిపోతే ఐసుగడ్డలట్టుకుని పరిగెత్తుకొచ్చేవారంట కదా,” అనేవారు అంకుల్. “మావాడు పడితే గ్రౌండ్‌లో పిచ్చిమొక్కలు చచ్చిపోయేవిరా.”

“మరి మీ గోల్‌కీపరు పంచె కట్టుకుని ఆడేవాడంట కదా మావయ్యా. ఆ పంచెకే సగం గోల్స్ ఆగిపోయేవని అమ్మ చెప్పింది.”

“మీ అమ్మ ఎప్పుడైనా గ్రౌండ్‌కి వచ్చిందా? మాకు బూట్లు లేవు. తోలు బంతి, వానొస్తే పుచ్చకాయంత బరువు. అలాంటి బంతిని సెంటర్ నుంచి కొట్టేడు గోలు. సెంటర్ నుంచి. మీవాణ్ణి కొట్టమను చూద్దాం.”

ఇక్కడికి వచ్చేసరికి మేనల్లుడు చట్నీ వేసుకునేవాడు.

ఇంటి గోలగా ఉన్న ఈ చర్చ వీధిన పడడానికి కారణం ఒక కప్పు. మా తెలుగు ఫెలోషిప్‌లో కుర్రాళ్ళకు వేసవిలో ఏటా ఫుట్‌బాల్ పోటీ పెట్టాలనీ, దానికొక కప్పు ఉండాలనీ, ఆ కప్పుకు మనవాడైన ఒక గొప్ప ఆటగాడి పేరు పెట్టాలనీ పాస్టరుగారు ప్రకటించారు. అంకుల్ వెంటనే లేచి గూడ్సు పేరు చెప్పారు. మేనల్లుడు వెనక వరుసలోంచి సూది పేరు చెప్పాడు. పాస్టరుగారు శాంతికాముకులు. ఆయన చూపు నా మీద పడింది. “అమ్మాయిది ఆ కాలేజీ కాదు, ఆ జిల్లా కాదు, పైగా సైన్సు,” అన్నారు. అలా నేను న్యాయమూర్తినయ్యాను. ఇంటికి వెళుతూ కారులో అంకుల్ మెల్లగా అసలు సంగతి బయటపెట్టారు. గూడ్సుగారి కూతురు లీడ్స్‌లో నర్సట. ఆమెకు పురుడని ఆయన వచ్చేనెల వస్తున్నారట. “పాతికేళ్ళయింది తల్లీ ఆయన్ని చూసి. వట్టి చేతులతో వెళ్ళి నిలబడలేను. మీ పేరున కప్పుందండి అని చెప్పాలని నా ఆశ,” అన్నారు. న్యాయమూర్తితో ఇలా మాట్లాడకూడదని నేను చెప్పలేదు. చెప్పవలసింది.

వేర్వేరు కాలాల్లో ఆడిన ఇద్దరిని పోల్చడం శాస్త్రీయంగా దాదాపు అసాధ్యం. ఇద్దరికీ ఒకే ప్రత్యర్థి లేడు, ఒకే బంతి లేదు, కనీసం ఒకే గడ్డి లేదు. మొత్తం పురాణంలో పరీక్షకు నిలబడే వాక్యం ఒక్కటే, సెంటర్ నుంచి గోలు. అందుకని నేను ముందుగా కారులో సాక్షిని విచారించాను.

“అంకుల్, ఆ గోల్ మీరు కండ్లార చూసిన్రా?”

అంకుల్ గేరు మార్చారు. “చూడ్డమంటే... ఆ వారం నాకు పచ్చకామెర్లమ్మా. ఇంటికాడ ఉన్నాను. కానీ చూసినోళ్ళు చెప్పేరు కదా.”

“చూసినోళ్ళు ఎవరు?”

“ఊరంతానూ.”

ఊరంతా అంటే గణాంకశాస్త్రంలో ఎవరూ కాదని అర్థం. కనుక ప్రయోగం తప్ప మార్గం లేదని తేల్చుకున్నాను. చారిటీ షాపులో తాళ్ళతో బిగించిన పాతకాలపు తోలు బంతి ఒకటి దొరికింది. గోదావరి వానలో తడిసిన స్థితికి తేవడానికి దాన్ని బాత్‌టబ్‌లో నీళ్ళు నింపి నానబెట్టాను. (పప్పు నానినంతసేపు చాలదా అని మేనల్లుడు అడిగాడు. బంతి బరువు పెరగడం ఆగేవరకూ నానాలని నేను పట్టుబట్టాను.) నైట్ డ్యూటీ నుంచి వచ్చిన ఆంటీ స్నానానికని వెళ్ళి, టబ్బులో మునుగుతూ తేలుతూ ఉన్న ఆ గోధుమరంగు గుండ్రటి వస్తువును చూసి, ఏమీ అనకుండా బయటికి వచ్చి తలుపు వేసింది. తర్వాత వంటింట్లో తన పిండి తూచే త్రాసు మీద దాన్నే మళ్ళీ చూసినప్పుడు మాత్రం నోరు విప్పింది.

“ఇదేంటే అమ్మాయ్?”

“బంతి, ఆంటీ.”

“బంతని నాకూ తెలుసు. చపాతీపిండి త్రాసు మీద దానికేం పని?”

“మీ ఊరి గోల్ నిజమా కాదా చూస్తున్న.”

“నిజమైతే నాకు కొత్త త్రాసు కొంటారా?” అని ఆంటీ పడుకోవడానికి వెళ్ళిపోయింది.

పార్కులో గ్రౌండ్ మధ్య గీత దగ్గర బంతి పెట్టి మేనల్లుణ్ణి కొట్టమన్నాను. గూడ్సుకు బూట్లు లేవు కనుక, ప్రయోగం సవ్యంగా జరగాలంటే ఇతనికీ ఉండకూడదని చెప్పాను. అతను నా వంక ఒకసారి, ఆకాశం వంక ఒకసారి చూసి, బూట్లు విప్పి, పరిగెత్తుకొచ్చి కొట్టాడు. బంతి కొంతదూరం దొర్లి ఆగిపోయింది. అతను అక్కడే కూలబడి బొటనవేలు పట్టుకున్నాడు. పక్కన కుక్కను నడిపిస్తున్న ముసలాయన ఆగి, అంబులెన్సు పిలవమంటారా అని మర్యాదగా అడిగాడు. ఆ సాయంత్రం ఆంటీ మేనల్లుడి వేలికి కట్టు కడుతూ ఉండగా నేను భోజనాల బల్ల దగ్గర తీర్పు చదివాను. లభ్యమైన సాక్ష్యాన్ని బట్టీ, బంతి బరువును బట్టీ, మానవపాదం పరిమితులను బట్టీ, సెంటర్ నుంచి గోలు కొట్టడం జరగలేదని అనలేముగాని, జరిగిందని నమ్మడానికి ఆధారం లేదు అన్నాను. చక్కటి వాక్యమని అప్పుడు అనుకున్నాను. అంకుల్ సగం తిన్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

“అలాగేనమ్మా. కప్పుకి సూది పేరే పెట్టండి,” అని లేచారు. వేలు నొప్పితో ఉన్న మేనల్లుడు కూడా గెలిచినవాడిలా లేడు.

అప్పుడు ఆంటీ కట్టు ముడి వేస్తూ, “ఇంతకీ ఏ సెంటరనుకున్నావే నువ్వు?” అంది.

“ఏ సెంటర్ ఏంది ఆంటీ? గ్రౌండ్ సెంటర్.”

“గ్రౌండ్‌కి సెంటరేంటి? సెంటరంటే గడియారం సెంటర్. నాలుగు రోడ్లు కలిసే చోటు. మీ ఊళ్ళో ఉండదా?”

“మా దిక్కు చౌరస్తా అంటం,” అన్నాను.

ఆంటీ చెప్పినదాని ప్రకారం (ఆమెకు వాళ్ళ అన్నయ్య చెప్పాడు, ఆయనకెవరు చెప్పారో తెలియదు) ఆట మధ్యలో బంతి ప్రహరీగోడ దాటి గడియారం సెంటర్లో బజ్జీల బండి పక్కన పడింది. తేవడానికి వెళ్ళిన గూడ్సు, మోసుకురావడానికి బద్ధకించి, అక్కడి నుంచే కాలితో కొట్టాడు. బంతి గోడ దాటి గ్రౌండ్ దాటి గోలులో పడింది. బజ్జీలవాడు కేరింతలు కొట్టాడట. అంకుల్ గుమ్మంలో ఆగిపోయి వింటున్నారు. తను ఇన్నాళ్ళూ గ్రౌండ్ సెంటరే అనుకుంటున్నారో, ఊరి సెంటరనుకుంటున్నారో ఆయన ముఖం చూస్తే నాకు అర్థం కాలేదు. ఆయనకీ అర్థమైనట్టు లేదు. శాస్త్రదృష్టితో నా ఇబ్బంది వేరు. దూరం ఇంకా పెరిగింది, మధ్యలో గోడ లేచింది, అంటే సంభావ్యత పాతాళానికి పోయింది. కథకు మాత్రం బజ్జీలు వచ్చి చేరాయి. కల్పించేవాడెవడూ బజ్జీల బండిని కల్పించడని ఆ క్షణాన నాకు బలంగా అనిపించింది. ఎందుకు అనిపించిందో నేటికీ సమర్థించుకోలేను.

తీర్పును వాయిదా వేశాను. మిగిలింది ప్రత్యక్షసాక్షి ఒక్కడే. నెల తిరిగాక నలుగురం కారెక్కి లీడ్స్ వెళ్ళాం. దారిలో అంకుల్ అద్దంలోంచి నన్ను చూసి, “నువ్వే అడుగమ్మా. ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు. కాదంటే నేనే పాస్టరుగారికి ఫోన్ చేసి సూది పేరు చెప్తాను,” అన్నారు. ఆ తర్వాత లీడ్స్ వరకూ బస్సు నడిపినంత బుద్ధిగా కారు నడిపారు.

రైలింజనంతటి మనిషి కోసం సిద్ధపడిన నాకు, ఫ్లాట్‌లో సోఫా మూల మంకీ క్యాప్, రెండు స్వెట్టర్లు వేసుకుని ఒళ్ళో పసిగుడ్డును ఊపుతూ కూర్చున్న బక్కపలచటి పెద్దాయన కనిపించారు. బిడ్డను కూతురి చేతికిచ్చి లేవడానికి చాలాసేపు తీసుకున్నారు. ఆ నిదానం మాత్రం పేరుకు తగ్గట్టే ఉంది.

“అన్నయ్యా, నన్ను గుర్తుపట్టేరా?” అన్నారు అంకుల్. గొంతులో ఇరవై ఏళ్ళ కుర్రాడున్నాడు.

నేను దారిపొడవునా ప్రశ్నను చెక్కుతూ వచ్చాను. సాక్షికి జవాబు అందించకూడదు, బెదిరించకూడదు, ప్రశ్న సూటిగా ఉండాలి. అన్నీ చూసుకుని అడిగాను. “మీరు ఆ గోల్ నిజంగా సెంటర్ నుంచే కొట్టిన్రా అంకుల్?”

“సెంటర్ నుంచేనమ్మా,” అన్నారాయన తడుముకోకుండా.

అంకుల్ ఊపిరి వదలడం గదంతా వినపడింది. ఏ మాట మీద నెలరోజులు కొట్టుకున్నామో అదే మాటతో ప్రశ్న అడిగానని నాకు అప్పుడు తెలిసింది. ఏ సెంటర్ అని నోరు తెరిచేలోగా మేనల్లుడు అందుకున్నాడు.

“అప్పుడు గోల్‌కీపరేం చేస్తున్నాడండి?”

“టీ తాగుతున్నాడు.”

“టీయా? ఎక్కడండి?”

“ఇంకెక్కడ బాబూ, సెంటర్లో.”

నేను మళ్ళీ నోరు తెరిచాను. పెద్దాయన మాత్రం అంకుల్ వైపు తిరిగారు. “నువ్వు లేవు కదరా ఆ రోజు. పచ్చకామెర్లు నీకు. చూడ్డానికి వద్దామనుకున్నాను, మీ ఇల్లు దొరకలేదు.” జట్టులో చివరి బెంచీవాడి కామెర్లను అప్పటి దేవుడు పాతికేళ్ళు గుర్తుపెట్టుకున్నాడు. ఆంటీ కిటికీలోంచి లీడ్స్ వానను అనవసరంగా పరిశీలించింది. నేను నోరు మూసుకున్నాను.

కాఫీలయ్యాక పెద్దాయన మేనల్లుడితో, “మీ సూదిని నేను చూసేనయ్యా. డ్యూటీ అయ్యేక సాయంత్రాలు గ్రౌండ్‌కి వెళ్ళేవాణ్ణి. నాకన్నా బాగా ఆడేవాడు,” అన్నారు. ఇద్దరి ఆటా ఎరిగిన ఏకైక సాక్షి తనకే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. న్యాయంగా కేసు అక్కడితో ముగిసింది. అంకుల్ ఒప్పుకోలేదు. “ఆయన మర్యాదకన్నారమ్మా, మర్యాదకి. అది లెక్కలోకి రాదు,” అన్నారు కారు దగ్గర. గెలిచిన మేనల్లుడు వెనకసీట్లో కూర్చుని, “గూడ్సు పేరే పెట్టించు మావయ్యా. సగం మంది నర్సులున్న ఫెలోషిప్‌లో కప్పుకి సూది పేరు పెడితే, హాస్పిటల్ వాళ్ళు ఇంజెక్షన్లకి ఇచ్చేరనుకుంటారు,” అన్నాడు. కప్పు మీద అక్షరాలు చెక్కిన దొర, గూడ్స్ కప్ అంటే ఏదైనా పార్శిల్ కంపెనీవాళ్ళదా అని అడిగాడట. అంకుల్ ఔనన్నారట.

ఇప్పుడు నా ఉద్యోగమే ఇతరుల మాటలను నిగ్గు తేల్చడం. కొత్త మందు పనిచేసిందని ఎవరైనా రాస్తే, ‘పనిచేయడం’ అంటే ఏమిటో ముందు నిర్వచించమని వెనక్కి పంపుతాను. నా దగ్గర పనిచేసే పిల్లలు నన్ను రాక్షసి అంటారని విన్నాను (ఇదీ విన్నదే). అయితే ఒక్క ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. ఏ సెంటర్? పెద్దాయన కులాసాగా ఉన్నారు, ఆయన నంబరు నా ఫోన్‌లో ఉంది, ఒక్క నిమిషం పని. కానీ క్రిస్మస్‌కు అంకుల్ తప్పకుండా ఫోన్ చేస్తారు. చేసి, “మా అన్నయ్య ఏమన్నాడమ్మా?” అని అడుగుతారు. జవాబు తెలిశాక నాకు అబద్ధం చెప్పడం రాదు. అందుకని ఆ సంగతి ‘సమాచారం అందుబాటులో ఉంది, సేకరించలేదు’ అన్న దశలోనే ఉండిపోయింది. మా పిల్లల్లో ఎవరైనా నివేదికలో ఈ వాక్యం రాస్తే ఎర్రసిరాతో కొట్టేస్తాను. నాది మాత్రం అలాగే ఉంచుకున్నాను.