కంపైలర్‌కు నేనిచ్చిన సలహా

పోయిన వారం, అర్థమైనా కాకపోయినా పక్కవాడి తెరమీదికి తొంగిచూసే నా పాత అలవాటు కొద్దీ మేనల్లుడి కంప్యూటర్ వైపు చూస్తే, ‘ఈ షరతు ఎక్కువసార్లు నిజమే అవుతుంది, దానికి తగ్గట్టు సర్దుకో’ అని, మనం రాసిన ప్రోగ్రాంను యంత్రం భాషలోకి మార్చే కంపైలర్‌కు చెప్పే లైనొకటి కనబడింది. దాన్ని ఉంచాలా తీసేయాలా అని వాడు తల గోక్కుంటున్నాడు. నాకేమో ఇరవై ఏళ్లనాటి ఖమ్మం గుర్తొచ్చి నవ్వాగలేదు.

తొమ్మిదో తరగతిలోనే బడికీ నాకూ పొసగక, దుమ్ముగూడెంలో బస్సెక్కి ఖానాపురం హవేలిలో అక్క ఇంట్లో తేలినవాణ్ణి నేను. బావ ఒక కోచింగ్ కాలేజీలో కంప్యూటర్ గది చూసేవాడు. అక్కడ దుమ్ము దులుపుతూ, దులిపినంతసేపూ బావ పాఠాలు చెవిన వేసుకుంటూ (అందుకే ఆ గది అంత శుభ్రంగా ఉండేది), మొత్తానికి ప్రోగ్రాం రాయడం పట్టేశాను. వారం వారం పెట్టే పరీక్షల జవాబులు సరిచూసే ప్రోగ్రాం బావది. దానికన్నా వేగంగా నడిచేది రాస్తే ఆపరేటర్ కొలువు ఇప్పిస్తాననీ, ఓడితే బుద్ధిగా ఊరి బస్సెక్కాలనీ అక్క ఎదుటే పందెం కట్టాడు. ఊళ్లో నాకోసం ఎదురుచూస్తున్నది మిరపచేను ఒక్కటే. ఆ కీబోర్డు వదిలి పోవాలంటే ప్రాణం ఒప్పేది కాదు.

కంపైలర్‌కు దాని పని దానికి తెలుసు, మధ్యలో మనం వేలు పెట్టొద్దని బావ వాదం. చెప్పేవాడుంటే ఎవరైనా ఇంకా చురుగ్గా చేస్తారని నాది. అందుకే బావ ప్రోగ్రాంనే దించుకుని, జవాబు పోల్చేచోట ఒకే ఒక్క సలహా చేర్చాను: ఇక్కడ వచ్చేవి ఎక్కువగా తప్పులే.

ఒక్కసారైతే తేడా తెలియదని, పక్కపక్క రెండు కంప్యూటర్లలో ఒకే పరీక్ష జవాబులను వేలసార్లు తిప్పమని వదిలి, గోడ గడియారం కింద కూర్చున్నాం. అక్క కట్టిచ్చిన పల్లీలు అయిపోయాయి, బావ ప్రోగ్రాం అయిపోయింది, నాది మాత్రం ఈడుస్తూనే ఉంది. బావ నా లైను చదివి కుర్చీలోంచి జారిపోయేంత నవ్వాడు.

“ఏందిరా బామ్మర్దీ, పొద్దున లేస్తే పుస్తకాలు నమిలే పిల్లలు వాళ్లు. అందరు నీ లెక్కనే రాస్తరనుకున్నవా?”

“అవ్ బావా. నా పేపర్లల్ల నేను చూసింది గదే గద!”

పౌరుషానికి పోయి, ‘ఎక్కువగా ఒప్పులే’ అని సలహాను తిరగేశాను. ఈసారి నాదే ముందు ముగిసింది. ఇంకోసారి చూసి తేలుద్దామని బావ టీకి వెళ్లాడు. ఊరుకోలేక, కొత్తగా చేరిన పిల్లల మొదటి పరీక్ష ఫైలు కూడా నడిపించాను. అచ్చం నా పేపర్లే, మళ్లీ ఈడ్పు! నోరు మూసుకుంటే కొలువు నాదే. కానీ నవ్వించేవాణ్ణే తప్ప నమ్మించి ముంచేవాణ్ణి కాదు. బావ వచ్చేసరికి ఆ లైను చెరిపేసి కూర్చున్నాను.

“దుమ్ముగూడెం బస్సు ఎన్నింటికి బావా?”

తెరమీద రెండో ఫైలు చూసి సంగతి గ్రహించాడు. “బస్సెందుకురా? పనిచేసేటోన్ని చేయనిచ్చుడు నేర్చినవ్ గద. రేపు జల్దీ రా.”

ఇదంతా చెప్పి, రెండు రకాలా నడిపి చూసుకోమన్నాను. మేనల్లుడు రెండు నిమిషాల్లో చూసేసి, లైను తీసేసి, చెవుల్లో పాటలు పెట్టుకుని పనిలో పడ్డాడు. నేను పక్కనున్నా ఆ పనిలో వాడొక్కడే. తప్పు ఊహిస్తే పక్కన కూర్చుని నవ్వే బావలాంటివాడు లేడు, ఊరి బస్సు భయం లేదు, పల్లీలు అయ్యేంత సమయమూ లేదు. ఆనాటి యంత్రాల వేగం పెంచాలని అంత పోట్లాడుకున్నాం గానీ, అవి నెమ్మదిగా నడవబట్టే కదా మేమిద్దరం ఒక గడియారం కింద అంతసేపు కూర్చోగలిగాం.