అట్టకు అతుక్కుపోయిన పదకొండు పేర్లు

మెదక్‌లో చర్చి చూసి రావాలనుకునేవాళ్లు ఇందులో దారి వివరాలు మాత్రం తీసుకుని మిగతాది వదిలేయవచ్చు. నేను వెళ్లింది ఒక పాత ఫొటో వెనక వైపు చూడటానికి. మెదక్‌లో మేము పుట్టి పెరిగిన గల్లీ చరిత్రంతా ఒకచోట చేర్చాలని అక్కడివాళ్లు ఒక వెబ్‌సైటు పెట్టారు. పోయిన క్రిస్మస్‌కు వెళ్లినప్పుడు మా తాత పెట్టెలోని ఫొటో ఒకటి నా చేతులతోనే వాళ్లకిచ్చాను. తాత మేస్త్రీ. మిషన్ బడి గోడలు లేస్తున్నప్పుడు ఇటుకలు, సున్నం మోసిన పదకొండు మంది ఆడవాళ్లను వరసగా నిలబెట్టి తీయించిన ఫొటో అది. రోజూ హాజరు పిలిచే అలవాటు కదా, వెనక వైపు ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ సిరాతో రాసి పెట్టుకున్నాడు. సైటులో ఆ ఫొటో కింద మాత్రం 'ఆనాటి మన మహిళలు' అని ఉంది, అంతే. నేను అది చూసిన నెల తిరక్కుండానే గల్లీలో మా పక్కింటి సుందరమ్మ పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆమెకు డెబ్బై దాటాయి. చంటిపిల్లగా ఉన్నప్పుడే తల్లి ఎస్తేరు చనిపోయింది. "బిడ్డా, గా ఫోటోల మా అమ్మ ఉందట గద, మా మేనత్త చెప్తుండె. అందుల ఎవలో జర చూసి చెప్పు. అమ్మ మొకం నేనెర్గ" అంది.

శనివారం పొద్దున ఆరున్నరకు హైదరాబాద్ బాలానగర్‌లో నిలబడ్డాను. మామూలు రోజుల్లో జూబ్లీ బస్టాండులో ఎక్కితే రెండున్నర గంటల్లో మెదక్‌లో దిగొచ్చు. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది, బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి. నర్సాపూర్ దాకా జీపులో సీటుకు వంద అన్నాడు డ్రైవరు. సమ్మె పేరు చెప్పి ఇంత గుంజుతారా అని కసురుకున్నాను. "సమ్మెల నేను గూడ ఉన్ననమ్మా. గని ఇంట్ల పొయ్యి సమ్మె చెయ్యది గద" అన్నాడు. వంద చేతిలో పెట్టి ఎక్కాను. నర్సాపూర్‌లో చాయ్ తాగి షేర్ ఆటో ఎక్కాను, అక్కడి నుంచి ఇంకో అరవై. దారి పొడుగునా దీక్షా శిబిరాలే. ఒకచోట మైకులో, "మన చరిత్రను చెరిపేసిన్రు, ఇగ మనమే రాసుకోవాలె" అంటున్నారు. ఆటోలో కూర్చునే చప్పట్లు కొట్టాను. ఆ మాట మీద నాకు నిజంగానే నమ్మకం ఉంది.

పదిన్నరకు మెదక్ చౌరస్తాలో దిగాను. సైటు నడిపే ప్రకాశ్‌కు అక్కడే జిరాక్స్ దుకాణం ఉంది. "రాండ్రి అక్కా, కూసోండ్రి" అని కుర్చీ తుడిచాడు. ఫొటో ఒకసారి ఇవ్వు, వెనక పేర్లు చూసుకుంటానన్నాను. అతను లోపలికి వెళ్లి తలుపంత థర్మోకోల్ అట్ట మోసుకొచ్చాడు. దాని మీద ముప్పై నలభై ఫొటోలు, చుట్టూ రంగు కాగితాల అంచు. సైటు మొదలుపెట్టిన రోజు పెట్టిన ప్రదర్శన అట అది. మా తాత ఫొటో సరిగ్గా నడిమధ్యలో ఉంది. "ఫెవికాల్ మస్తుగ పెట్టి అతికిచ్చిన అక్కా. గుంజినా ఊడది" అన్నాడు సంతోషంగా.

"వెనక పేర్లు రాసుకున్నావా?"

"వెనకనా?" అన్నాడు. "వెనక చూడలే అక్కా."

నా ఒళ్లు మండిపోయింది. చౌరస్తాలో నలుగురూ తిరిగి చూసేలా అరిచాను. రిబ్బను కత్తిరించిన నాయకుడి పేరు, పూలదండ తెచ్చినాయన పేరు, టెంటు వేయించినాయన పేరు సైటు మొదటి పేజీలోనే హోదాలతో సహా ఉన్నాయి. ఇటుకలు మోసినవాళ్ల పేర్లు ఫెవికాల్ కింద ఉన్నాయి. "లీడర్ వస్తుండంటే ఆగమాగం జేసినం అక్కా, తప్పయింది" అన్నాడు ప్రకాశ్. అతని మీద ఎంత కోపమొచ్చిందో, నా మీద అంతకు రెట్టింపు వచ్చింది. ఆ పేర్లను కాగితం మీద దించుకోవడానికి ఐదు నిమిషాలు పట్టేది. ఇన్నేళ్లలో ఆ ఐదు నిమిషాలు నాకు దొరకలేదు. ఎవరో చెరిపారని మైకుల్లో అరుస్తున్నాం, ఇది మాత్రం మనమే చెరుపుకున్నాం.

ఆ ముక్క వరకు బ్లేడుతో కోసుకుని ఇద్దరం సుందరమ్మ పెద్దమ్మ ఇంటికి నడిచాం. ఆమె అప్పటికే అరుగు మీద చాప పరిచి కూర్చుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డ వెనక వైపు అద్దుతూ, థర్మోకోల్‌ను గోటితో గీకుతూ దగ్గర దగ్గర రెండు గంటలు కూర్చున్నాం. ఫొటో ఊడింది. సిరా చాలావరకు నీలి మరకైపోయింది. కుడి చివర నాలుగు పేర్లు మాత్రం చదవగలిగాను. లచ్చవ్వ, మార్తమ్మ, పోచమ్మ, కరుణమ్మ. ఎస్తేరు లేదు. ఆ నాలుగూ మళ్లీ ఒకసారి పైకి చదివాను.

"గీ నలుగురు మా అమ్మ గాదన్నట్టు" అంది ఆమే. "ఇగ ఏడుగురున్నరు." ఫొటో ఒళ్లో పెట్టుకుని ఆ ఏడుగురి మీదా ఒక్కొక్కరిగా వేలు పెడుతూ పోయింది. తట్ట నెత్తిన పెట్టుకున్న ఒకామె దగ్గర వేలు చాలాసేపు ఆగింది.

ప్రకాశ్‌కు ప్రాణం లేచొచ్చినట్టుంది. "ముక్కు అచ్చం నీ లెక్కనే ఉన్నది అవ్వా! గీమెనే ఎస్తేరమ్మ అని సైట్ల పెడత" అన్నాడు.

ఆమె వేలు తీసేసింది. "వద్దు బిడ్డా. గామె ఇంకొకల అమ్మయితే?"

వచ్చేటప్పుడు జీపులో కూర్చుని ఎవరిని తిట్టాలా అని ఆలోచించాను. ప్రకాశ్ చెడ్డవాడు కాదు, జేబు నుంచి పెట్టుకుని సైటు నడుపుతున్నాడు. నేనూ చెడ్డదాన్ని కాదు. ఇద్దరం మంచివాళ్లమే కలిసి ఒక మనిషికి తల్లి ముఖం లేకుండా చేశాం. నా కోపం ఇంకా తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. సైటులో ఆ ఫొటో కింద ఇప్పుడు నాలుగు పేర్లు, ఏడు ఖాళీ గీతలు ఉన్నాయి. ఇక ప్రయాణం సంగతి: సమ్మె రోజుల్లో వెళితే మధ్యాహ్నం మూడింటిలోపు మెదక్ నుంచి బయలుదేరండి, తరువాత నర్సాపూర్ వైపు ఆటోలు దొరకవు. మీ గల్లీ ఫొటోలు ఎవరికైనా ఇవ్వబోతుంటే మాత్రం ముందు వెనక్కి తిప్పి చూడండి. ఏమీ రాసి లేకపోతే, ఆ ముఖాలను గుర్తుపట్టేవాళ్లు బతికుండగానే వాళ్ల పక్కన కూర్చుని పెన్సిల్‌తో రాయండి.