శాంపిల్ జగన్నాధం

చీపురుపల్లిలో పప్పుధాన్యాల వ్యాపారం చేసే జగన్నాధం శాంపిల్ చూడనిదే దేన్నీ నమ్మడు. బస్తా మూతి విప్పి, పైనున్న పెసల్ని గుప్పిట్లోకి తీసి చూపిస్తే మొహం తిప్పేసుకుంటాడు. చేతిలో ఎప్పుడూ ఉండే ఇనప గొట్టంతో బస్తా నడుంలో ఒక పోటు, అడుగున ఒక పోటు, పక్కన ఒక పోటు పొడుస్తాడు. గొట్టంలోంచి జారిన గింజల్ని అరచేతిలో పరుచుకుని చూశాక గానీ నోరు విప్పడు. "పైన గుప్పెడు సూసి మాట సెప్పడం మా ఇంటావంటా నేదు" అంటాడు.

ఈ అలవాటు బస్తాల దగ్గరే ఆగితే బాగుండేది. పెళ్లి భోజనాలకు వెళ్తే గుండిగ అడుగునుంచి పులిహోర తీయించి, రుచి చూసి, "పరవానేదు, కూకోండి" అని తనవాళ్లకు చెప్పాకే తను కూర్చుంటాడు. శ్రీకూర్మంలో ప్రసాదం పెట్టే పూజారిని కూడా "అడుగునుంచి తియ్యండి స్వామీ" అన్నాడు. తన పెళ్లిచూపుల్లో అయితే చేతులు కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్లి, అంట్లు తోముతున్న పెళ్లికూతురి బామ్మను పలకరించి వచ్చాడు. ఆ శాంపిల్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే అతని భార్య భాగ్యవతి పడీపడీ నవ్వుతుంది. "మా బామ్మ తిట్టి పంపిందండి. ఈ ఇంట్లో మనసులో మాట దాసుకోరని అప్పుడు నమ్మీసేరట!"

సూర్యారావుకు ఇదంతా బాగా తెలుసు. గరివిడి దగ్గరి పల్లెలో వరీ పెసరా పండించే ఈ రైతు బస్తాలు ఆ గొట్టం పోట్లు ఎన్ని తిన్నాయో లెక్కలేదు.

"సావుకారూ, ఇన్నేళ్లయినా నామీద నమ్మకం నేదేటి?" అని ఉడుక్కునేవాడు.

"నీమీద ఉన్నాది. నీ బస్తా మీద నేదు" అనేవాడు జగన్నాధం.

అలాంటి సూర్యారావుకు నడుంనొప్పి పట్టుకుంది. దానికి తోడు ఒకటే నీరసం. రక్తపరీక్ష చేయించిన డాక్టరు, రక్తంలో ఒకే రకం ప్రొటీన్ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉందనీ, మల్టిపుల్ మైలోమా ఉందేమో తేలాలంటే విశాఖపట్నం వెళ్లి ఎముక మూలుగ పరీక్ష చేయించుకోమనీ చెప్పాడు. "ఉందేమో" అన్న మాట సూర్యారావు చెవిన పడలేదు. బావమరిది మురళీమోహన్ ఫోనులో వెతికి, "మైలోమా అంటే మూలుగలో వచ్చే కేన్సరు బావా" అని చదివాడు. అది మాత్రం స్పష్టంగా పడింది.

ఆ రోజే సూర్యారావు మంచమెక్కాడు. తన తర్వాత పాడి గేదెను ఎవరు చూడాలో, గట్టు తగాదా ఎలా తెంచుకోవాలో చెప్పడం మొదలుపెట్టాడు. భార్య ధనలక్ష్మి ఎంత బతిమాలినా మూలుగ పరీక్షకు మాత్రం రానన్నాడు. "ఎలాగూ పోయేవోణ్ణి. తుంటి ఎముకలో సూది గుచ్చించుకుని మరీ పోవాలేటి?" అన్నాడు. నిజం చెప్పాలంటే అతనికి చావుకంటే ఆ సూదంటేనే ఎక్కువ భయం.

ధనలక్ష్మి చేసేది లేక జగన్నాధానికి ఫోను చేసింది. అతను గొట్టంతో సహా వచ్చేశాడు.

"ఏటిరా సూర్రావూ, గేదెను అప్పగించీసేవట?"

"కేన్సరట సావుకారూ. రిపోర్టు వచ్చీసింది."

జగన్నాధం రిపోర్టును అటూ ఇటూ తిప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తగ్గలేదు. "ఇది రక్తం. అంటే పైన గుప్పెడు. పైన గుప్పెడు సూసి బస్తా మొత్తం పుచ్చు అనీసేవేటి? పెసల్లో నాలుగు మినపగింజలు కనబడ్డాయి. అవి లోపల ఎన్ని ఉన్నాయో సూడాల. గొట్టం గుచ్చితేగానీ తెలీదు. డాక్టరు సెప్పిందీ అదే!"

సూర్యారావు గోడవైపు తిరిగి పడుకున్నాడు. "గుచ్చేది నీకు కాదు గదా. నొప్పి ఎలాగుంటాదో నీకేటి తెలుసు?"

జగన్నాధం గొట్టం అందుకుని లేచాడు. శాంపిల్ చూడని సంగతి మీద మాట చెప్పడు మరి. గుమ్మం దిగి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. "విశాఖపట్నం ఎల్లేన్రా. ముందు నాకు తీయించుకున్నాను."

"ఏటి?"

"శాంపిల్. తుంటిలోంచి. మొద్దుబారడానికి సూదిస్తారు, అది సీమ కుట్టినట్టుంటాది. తరవాత లోపల్నుంచి ఎవరో లాగినట్టు ఒక్క క్షణం. అంతే. ఆ సాయంత్రమే టీ తాగి రైలెక్కీసేను."

సూర్యారావు లేచి కూర్చున్నాడు. పులిహోరనే నమ్మని మనిషి ఇంత గట్టిగా చెప్తున్నాడంటే అబద్ధం అయ్యే ప్రసక్తే లేదు. చొక్కా తెమ్మని ధనలక్ష్మిని కేకేశాడు.

ఆసుపత్రిలో డాక్టరు అనూరాధ ముందు జగన్నాధం బేరానికి దిగాడు. "ఒక్క సోటేనా అమ్మా? నడిమినా అడుగునా గుచ్చరా?"

"గుచ్చడం ఒక్కచోటే. ఎముకలకు స్కాను తీస్తాం, కిడ్నీలు, కాల్షియం చూస్తాం. అన్నీ కలిపి చూశాకే ఏ మాటైనా చెప్తాం."

"సూసేవా, ఈవిడిది మన పద్ధతే!" అని జగన్నాధం పొంగిపోయాడు. తీరా సూది బల్ల మీదికి వచ్చేసరికి, టీ తాగాలని గుర్తొచ్చి మాయమయ్యాడు. సూర్యారావు కళ్లు మూసుకున్నాడు. చీమ కుట్టింది. ఎవరో లాగారు. "అబ్బా" అన్నాడు. అయిపోయింది.

ఫలితాలు వచ్చిన రోజు ధనలక్ష్మితో సహా ముగ్గురూ డాక్టరు ముందు కూర్చున్నారు.

"ఆ ప్రొటీన్ తయారుచేసే కణాలు మూలుగలో నూటికి పదిలోపే ఉన్నాయి. రక్తంలో ప్రొటీనూ కొద్దిగానే ఉంది. ఎముకలూ కిడ్నీలూ బాగున్నాయి. ఇది మైలోమా కాదు. మీ నడుంనొప్పి వెన్నుపూసల అరుగుదల వల్ల, నీరసం ఒంట్లో ఐరన్ తగ్గడం వల్ల. అయితే ఈ ప్రొటీన్ ఉన్నవాళ్లలో కొద్దిమందికి ముందుముందు జబ్బుగా మారొచ్చు. అందుకని కొన్ని నెలలకోసారి రక్తపరీక్షకు మాత్రం తప్పకుండా రావాలి."

ధనలక్ష్మి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సూర్యారావు ఏ మాట పట్టుకోవాలో తెలియక జగన్నాధం వైపు చూశాడు.

"కల్తీ పదిలోపైతే బస్తా వాపసు సెయ్యంరా. కాపోతే ఒక కన్నేసి ఉంచుతాం" అన్నాడు జగన్నాధం.

సూర్యారావు చేతులు జోడించాడు. "ఈ సావుకారు ముందు తను గుచ్చించుకోబట్టి వచ్చేను తల్లీ."

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయింది. "గుచ్చించుకున్నానని చెప్పారా? వచ్చిన మాట నిజమే. 'ముందు నాకు చెయ్యండి, మావాడికి నొప్పి ఎంతో చెప్పాలి' అని పట్టుబట్టారు. అవసరం లేనివాళ్లకు చెయ్యం అన్నాను. పోనీ చేతిలోంచి రక్తమైనా తియ్యమన్నారు. సిస్టర్ సూది తీసిందో లేదో, కళ్లు తేలేశారు. తేరుకున్నాక, పరీక్ష చేయించుకుని బయట కూర్చున్నవాళ్లలో ముందు వరసలో ఒకర్నీ, మధ్యలో ఒకర్నీ, చివర్న ఒకర్నీ నొప్పి ఎలా ఉందని అడిగి వెళ్లారు."

జగన్నాధం సీలింగు ఫ్యాను వైపు చాలా శ్రద్ధగా చూశాడు.

తిరుగు రైల్లో విజయనగరం దాటాక జగన్నాధం ఉండబట్టలేక, "నా మాట మీద ఇంక నమ్మకం పోయినట్టేనేటిరా?" అన్నాడు.

సూర్యారావుకు నవ్వొచ్చింది. ఆ మనిషి మీద పట్టలేనంత ప్రేమ కూడా పుట్టుకొచ్చింది. "నీ మాట మీద నేదు సావుకారూ. నీమీద ఉన్నాది."

జగన్నాధం సంచిలోంచి జంతికల పొట్లం తీసి, అడుగునున్నదాన్ని వెతికి ముందు తను కొరికి చూసి, "పరవానేదు, తిను" అని పొట్లం సూర్యారావు ఒళ్లో పెట్టాడు.