ఊరికే కూర్చున్నందుకు భృతి

వీధిలో అతన్ని అందరూ నెమ్మది అంటారు. ఎగతాళికి పెట్టిన పేరే. ఏళ్ళ తరబడి వాడేసరికి అసలు పేరై కూర్చుంది. మనిషిలో నెమ్మది మచ్చుకైనా లేదు. అతని సెలూన్లో ఉన్నది ఒక్కటే తిరిగే కుర్చీ. అది తిరగడం మాత్రం ఎవరూ చూడలేదు. తక్కినవాళ్ళు కుర్చీని తిప్పుకుంటూ కటింగ్ చేస్తారు. ఇతను గానుగెద్దులా కుర్చీ చుట్టూ తనే తిరుగుతాడు. తిరుగుతూ మాట్లాడతాడు, మాట్లాడుతూ ఫ్యాను వేగం మారుస్తాడు, వీధిలో పోయేవాణ్ణి కేకేసి ఆరోగ్యం అడుగుతాడు. అతని నోట్లోనూ, చేతిలోనూ నువ్వుగింజ నానదు. "నిద్రలో కూడా నడుస్తాడు, నా దుప్పటి లాక్కుని మరీ," అంటుంది భార్య.

అలాంటి మనిషిని మహమ్మారి వచ్చి ఇంట్లో కూర్చోమంది. మనిషిని మనిషి తాకకూడదన్నప్పుడు మొట్టమొదట మూతపడేది సెలూనే. బట్టల కొట్టువాడు గుమ్మంలోంచి అమ్ముకోవచ్చు, పాఠాలు ఫోన్లో చెప్పుకోవచ్చు. చెవి పక్క జుట్టు ఫోన్లో తీసే ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఆ రోజుల్లో శ్రమ ఎంత గొప్పదో పేపర్లలో రాసినవాళ్ళంతా జీతాలు ఆగనివాళ్ళు. కష్టజీవుల కోసం కిటికీల్లోంచి చప్పట్లు కొట్టినవాళ్ళూ వాళ్ళే. సెలూన్ వాడికి ఆ చప్పట్లలో వాటా లేదు. ఉన్నా వాటితో అద్దె కట్టలేడు. ఆ మాటకొస్తే ప్రభుత్వమే కాస్త మర్యాదగా ప్రవర్తించింది. పొగడకుండా డబ్బిస్తానంది. సొంత పని మీద బతికేవాళ్ళకి ఆ పని ఆగినంత కాలం నెలనెలా భృతి. షరతు ఒకటే. తీసుకున్నన్నాళ్ళూ ఆ పని ఎక్కడా చేయకూడదు, డబ్బుకైనా, ఊరికేనైనా. పట్టుబడితే భృతి ఆగిపోతుంది.

"పని చెయ్యనందుకు జీతమా? తీసుకోడానికి సిగ్గుండాలి," అన్నాడు నెమ్మది.

"ఆ సిగ్గేదో నాకొదిలెయ్. నువ్వు ఫోన్ వైపు చూసి దరఖాస్తుకి ఫొటో దిగు," అంది భార్య. "షాపు ఓనరు కూడా పాపం సిగ్గుపడుతూనే అద్దె అడుగుతున్నాడు. అడగడం మానాడా?"

ఆమె ఇంట్లో మిషను మీద పరదాలు, దిండు గలేబులు కుట్టేది. ఆ బేరాలూ ఆగిపోయాయి. మొదటి నెల భృతి పడగానే ఆమే వెళ్ళి షాపు ఓనరుతో మాట్లాడింది. అది వస్తున్నంత కాలం సర్దుకుంటానన్నాడు. ఆగిన నెలలో తాళాలు ఇచ్చేయమన్నాడు. కాబట్టి ఆ ఇంట్లో సంగతి అందరికీ తెలిసిందే. భృతి ఉంటే సెలూన్ ఉంటుంది. లేకపోతే ఆ కుర్చీ, ఆ అద్దం ఇంకెవరివో అవుతాయి.

తెలిసినంత మాత్రాన చెయ్యి ఊరుకోదు. కాలు గాలిన పిల్లిలా గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి గదిలోకి తిరిగాడు. చీపురు చివళ్ళు సమంగా కత్తిరించాడు. కాళ్ళు తుడుచుకునే పట్టా అంచున వేలాడే దారాలన్నీ దువ్వి ఒకే ఎత్తుకి కోశాడు. కుండీల్లో మొక్కలకి క్రాఫు చేస్తే అవి వారం తిరక్కుండా ఎండిపోయాయి. పని లేనివాడు పిల్లి తల గొరిగాడని మన సామెత. అది కట్టినవాడెవడో జన్మలో ఒక్క రోజు కూడా పని పోగొట్టుకోలేదని చెప్పొచ్చు. గొరిగినవాడి తిప్పలు అతనికి వినోదం.

"ఇంక పిల్లొక్కటే మిగిలింది," అంది భార్య.

"తీసుకురా, దానికీ చేస్తాను."

పిల్లి కన్నా ముందు పై వాటా మేష్టారు దొరికారు. రిటైరైన మనిషి, కంటి ఆపరేషన్ అయింది. జుట్టు పెరిగి కట్టు మీద పడుతోంది. మెట్ల మీద ఎదురుపడి, "నెమ్మదీ, ఈ ముందు జుట్టొక్కటి అడ్డం లేకుండా చెయ్యవయ్యా," అన్నారు. ముందు జుట్టొక్కటే తీసి వదిలేయడం నెమ్మదికి చేతకాదు. సగం వేసిన గోడని వదిలి వెళ్ళే సున్నం వాణ్ణి చూపించండి, సగం తల వదిలేసిన నెమ్మదినీ చూపిస్తాను. డాబా మీద నీళ్ళ ట్యాంకు చాటున పాత స్టూలు వేశాడు. మాస్కు తాళ్ళు చెవికి అడ్డం వస్తుంటే వాటిని విప్పించి, మాస్కుని రెండు బుగ్గలకీ ప్లాస్టరుతో అంటించి, తల మొత్తం పూర్తి చేసి, మెడ వెనక దులిపి, అలవాటుగా వెనక అద్దం చూపించబోయాడు. అద్దం లేదు. మేష్టారు తడుముకుని చూసుకుని, "హాయిగా ఉందయ్యా," అన్నారు.

ఆ హాయి మెట్లు దిగి కింది వాటాల దాకా వెళ్ళింది. వ్యాన్ డ్రైవరు వచ్చాడు. మందుల షాపాయన వచ్చాడు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. దీన్ని సేవ అనడానికి వీల్లేదు. రోగం చుట్టుపక్కల ఇళ్ళలోనే ఉంది. ఒకే స్టూలు, ఒకే దువ్వెన. అతను చేసింది వాళ్ళ కోసం కాదు, తన చేతుల కోసం. ఆ సంగతి అతనికీ తెలుసు. అందుకే భార్యకి చెప్పలేదు.

ఆవిడకి చెప్పక్కర్లేదు. అతని చొక్కా కాలరు మడతలో ఎవరివో తెల్ల వెంట్రుకలు దొరికాయి.

"ఇవెవరివి?"

"నావే."

"నీకు తెల్లవెప్పుడొచ్చాయి, నిన్నటి నుంచా? మేష్టారివి. నాకు తెలుసు."

"డబ్బు తీసుకోలేదు కదే. డబ్బు తీసుకోకపోతే అది పనెలా అవుతుంది?"

"ఊరికేనైనా చెయ్యకూడదని రాశారు. చదివి వినిపించాను కూడా. అప్పుడు నువ్వు గోడగడియారం విప్పుతున్నావు."

ఇంక ముట్టనని మాటిచ్చాడు. ఇచ్చిన మాట మీద నిలబడాలంటే ముందు నిలబడడం రావాలి.

తనిఖీ ముందు చెప్పి రాలేదు. ఒక ఉదయం భృతి ఆఫీసు ఉద్యోగి మెట్లెక్కి వచ్చాడు. కుర్రవాడే; మాస్కు పైన జుట్టు పెరిగి చెవుల్ని మింగేసింది. వెంట క్షురకుల సంఘం తరఫున ఒక సాక్షి ఉన్నాడు. భృతి తీసుకుంటున్నవాడు నిజంగా ఆ పనివాడేనని, ఇప్పుడు పని చేయడం లేదని సంఘం మనిషి చూసి సంతకం పెట్టాలి. సంతకం తప్పని తేలితే సాక్షి భృతి కూడా పోతుంది. ఆ సాక్షి ఎవరో కాదు, నెమ్మది బామ్మర్ది. భార్యకి సొంత తమ్ముడు. వీధి ఆ చివర అతనికీ సెలూన్ ఉంది. షట్టరు దించిన రోజు నుంచి బుద్ధిగా టీవీ ముందు కూర్చుని, పొట్ట పెంచి, షరతుని అక్షరాలా పాటించినవాడు.

"అక్కా బావా అని చూడను, ముందే చెప్తున్నా," అన్నాడు గుమ్మంలోనే.

"ఎప్పుడు చూశావు గనక," అంది అక్క.

ఉద్యోగి వసారాలో నిలబడి వాటాల వాళ్ళని పిలిపించాడు. మేష్టారు, డ్రైవరు, మందుల షాపాయన వచ్చి గోడ వారగా దూరం దూరంగా నిలబడ్డారు.

"ఈయన కటింగ్ చేస్తున్నాడని మాకు ఫోనొచ్చింది. మీరెవరైనా చూశారా?"

"ఈయన కత్తెర పట్టుకోగా నేనైతే చూడలేదు," అన్నారు మేష్టారు. అబద్ధం కాదు. కటింగ్ అయ్యేదాకా కత్తెర ఆయన వెనకే ఉంది.

"అన్నా? ఛ ఛ," అన్నాడు డ్రైవరు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి మెడ వెనక్కి పోయింది. చూసి మందుల షాపాయన చెయ్యీ పోయింది.

ఉద్యోగి వాళ్ళని పరీక్షగా చూశాడు. "మా ఆఫీసులో మేమంతా ఎలుగుబంట్లలా ఉన్నాం. ఈ బిల్డింగ్‌లో అందరూ పెళ్ళికొడుకుల్లా ఉన్నారే. ఓసారి అటు తిరగండి."

ముగ్గురూ గోడవైపు తిరిగారు. మూడు మెడలు వరసగా కనిపించాయి. పని తెలిసినవాడికి అవి నెమ్మది పెట్టిన మూడు సంతకాలే. బామ్మర్ది వాటిని చూశాడు. అక్క తమ్ముణ్ణి చూసింది. నెమ్మది ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూనే ఉన్నాడు.

"ఇవా సార్?" అన్నాడు బామ్మర్ది చివరికి. "ఇవి ఇళ్ళల్లో కోసుకున్నవి సార్. ఆడవాళ్ళు కూరల కత్తెరతో కోసినవి. చూస్తే తెలియట్లా, ఎలకలు కొరికినట్టు?"

"నాకైతే బాగానే ఉన్నట్టున్నాయి."

"మీకలాగే ఉంటుంది సార్. దగ్గరికి రండి. ఈయన వెనక చూడండి, మెట్లు మెట్లుగా లేదూ? ఇదిగో ఈయనది, బొప్పికట్టినట్టు."

నెమ్మది రెండు కాళ్ళూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ ఇంట్లో అది మంచి శకునం కాదు. నోరు తెరిచాడు. "ఏది మెట్లు? ఎక్కడ..."

"ఏమయ్యా," అంది భార్య, గట్టిగా కాదు, "స్టవ్ మీద పాలున్నాయి. పొంగుతాయేమో చూసిరా."

అతను వంటింట్లోకి వెళ్ళాడు. స్టవ్ మీద పాలు లేవు. స్టవ్ చల్లగా ఉంది. అప్పుడు అర్థమైంది తను చేయవలసింది ఇక్కడ నిలబడడమేనని. వృత్తిలో ఇన్నేళ్ళలో ఇంతకన్నా కష్టమైన పని ఎవరూ చెప్పలేదు.

గోడ అవతల బామ్మర్దికి ఊపు వచ్చింది. అతని మాట నమ్మేలా ఉండాలి. నమ్మించాలంటే ఒక్కో తలనీ చీల్చి చెండాడాలి. పైగా బావని ఇంత తీరిగ్గా తిట్టే అవకాశం మళ్ళీ రాదు. "ఈ చెవి పక్క చూడండి సార్, కత్తెరో కొడవలో తెలియదు." నెమ్మది కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగాడు. "ఇది మా దగ్గర నేర్చుకునేవాడు చేస్తే చెంప పగలగొడతాం." వినలేక కొళాయి తిప్పాడు. వినకుండా ఉండలేక కట్టేశాడు. గరిటెల్ని పొడుగు వరసలో పేర్చాడు. చెదరగొట్టాడు. "మేష్టారిది చూడండి, ఎడమ చెవి వెనక ఎత్తుగా లేచిపోయింది, కుడి పక్క కిందికి ఉంది." నెమ్మది చేతిలో గరిటె ఆగింది.

"ఎవరమ్మా కోసింది?" అని ఉద్యోగి గొంతు.

"నేనే సార్," అంది భార్య. "పరదాలు కుట్టే చెయ్యి. గుడ్డ అనుకుని కోసేశాను."

ఉద్యోగి నవ్వాడు. సంతకాలయ్యాయి. మెట్ల మీద అడుగుల చప్పుడు కిందికి పోయింది.

బామ్మర్ది వంటింట్లోకి వచ్చాడు. "బావా, మంచినీళ్ళు."

"ఇంట్లో విషం లేదు. అందుకని నీళ్ళే ఇస్తున్నా."

"ఇవ్వు ఇవ్వు. నీ షాపు నిలబెట్టి, నా భృతిని నీ కత్తెర కింద పెట్టి వచ్చా."

"ఎలకలు కొరికినట్టుందా?"

"మరేమనమంటావు? ఇంత సొగసైన కటింగు మా బావ తప్ప ఎవరూ చెయ్యలేరు సార్ అనమంటావా?"

అది నిజమే. నెమ్మది నీళ్ళిచ్చి, కాసేపు ఇంకో గ్లాసు తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. "మెట్లన్నావు, బొప్పన్నావు. అవి నోటికొచ్చినవి. నాకు తెలుసు. మరి ఎడమ పక్క ఎత్తన్నావే?"

బామ్మర్ది నీళ్ళు తాగుతూ గ్లాసు వెనక ఎక్కువసేపే ఉండిపోయాడు.

"చెప్పరా."

"అది ఉన్నదే బావా."

"మేష్టారిదా?"

"ముగ్గురిదీ. నీ దగ్గర చేయించుకున్న ఎవరిదైనా. నువ్వు కుడి నుంచి చుట్టి వస్తావు. ఎడమ చెవి దగ్గరికి వచ్చేసరికి నీ మనసు అప్పటికే తర్వాతి మనిషి మీద ఉంటుంది. ఒక వెంట్రుక ఎత్తు, అంతే. మామూలు వాళ్ళకి తెలీదు."

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"అక్క పెళ్ళయినప్పటి నుంచి."

"ఒక్కసారైనా అన్లేదే."

"పెద్దవాడివి. పైగా చెప్తే వినడానికి నువ్వు ఒకచోట ఉంటేగా."

భార్య లోపలికొచ్చింది. అలమారలోంచి కత్తెర, దువ్వెన, ట్రిమ్మరు ఉన్న సంచీ తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. "షాపులు తెరవమనేదాకా నీ దగ్గరుంచరా. ఈయన వచ్చి ఏడ్చినా ఇవ్వకు." నెమ్మది అడ్డం చెప్పలేదు. అతను ఆ మాట విన్నట్టే లేడు. గాలిలో చెయ్యి పెట్టి, లేని తల చుట్టూ కుడి నుంచి ఎడమకి తిరుగుతున్నాడు. ఎడమ చెవి ఉండాల్సిన చోట ఆగి, వంగి, మళ్ళీ మొదటికొచ్చాడు.

"భృతి నిలిచింది. ఇంక హాయిగా కూర్చోవయ్యా," అంది భార్య.

అతను వసారాలోకి వెళ్ళి పిట్టగోడ మీంచి వంగాడు. కింద డ్రైవరు వ్యాన్ దగ్గరికి నడుస్తున్నాడు.

"ఒరే, ఆగు. చెయ్యి తియ్యి."

డ్రైవరు చెయ్యి ఇంకా మెడ వెనకే ఉంది. "ఎందుకన్నా?"

"చూడాలి. ఎడమ పక్క. ఒక్క క్షణం."

"ఆ సారు ఇంకా వీధి మలుపులోనే ఉన్నాడన్నా. నీకు దండం పెడతా, లోపలికెళ్ళు."

"నేను ముట్టుకోను. అటు తిరిగి నిలబడు, చాలు."

డ్రైవరు తిరగలేదు. అరచేత్తో మెడ కప్పుకునే వ్యాన్ ఎక్కి, రెండో చేత్తో తలుపు వేసుకున్నాడు. నెమ్మది ఇంకాస్త ముందుకి వంగి, వీధిలో నడిచిపోతున్న ఒక్కో తలనీ వెనక నుంచి చూడడం మొదలుపెట్టాడు.