సైదులు ఫోన్ చెరిపింది వైరస్ కాదు

ముందు నా తెలివితక్కువతనం చెప్పుకుంటాను. అది చెప్పుకోవడం తేలిక. దాని వెనక నక్కి ఉన్న తప్పు చెప్పడమే కష్టం. ఏళ్ల తరబడి దాన్ని మోస్తూ, పక్కవాడి ఫోన్ మోగినా నన్నే పిలుస్తున్నారని ఉలిక్కిపడుతూ బతికాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇది రాసేవాణ్ని కాదు.

నల్లగొండలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో నా ఉద్యోగం. స్టాఫ్ మెయిళ్లు, స్టాఫ్ ఫోన్లు, వాటి తాళాలు అన్నీ నా చేతిలోనే. కార్డు మీద ‘పరికరాల నిర్వాహకుడు’ అని అచ్చు వేయించారు. నిర్వాకం తర్వాత వెలగబెట్టాను.

రాష్ట్రం వచ్చిన కొత్త అది. మన మెయిళ్లన్నీ ఇకనుంచి క్లౌడ్‌లో ఉంటాయని మీటింగులో గొప్పగా చెప్పాను. క్లౌడంటే మబ్బు అని వివరించాను కూడా. మర్రిగూడ వైపు రైతులను చూసుకునే ఫీల్డుమన్ ఒకతను వెనక నుంచి చెయ్యెత్తాడు. “అన్నా, మా దిక్కు మబ్బే రాదు. మరి మెయిలొస్తదా?” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతనే సైదులు. ఆనాటి నుంచి ఆఫీసులో అతని పేరు మబ్బు సైదులు.

కంపెనీ ఎవరికీ ఫోన్లు కొనివ్వలేదు. ఎవరి సొంత ఫోన్‌లో వాళ్లు కంపెనీ మెయిలు పెట్టుకోవాలి. అందరూ తెచ్చి నా బల్ల మీది గంపలో వేశారు. పగిలిన అద్దాలు, వెనక కవర్లలో మడిచిపెట్టిన బస్సు టికెట్లు, తెరల మీద పిల్లల మొహాలు. ఒక్కొక్కదానికి పేరు చీటీ అంటించి మెయిలు కలుపుతూ పోయాను. చివర్లో ప్రతి ఫోనూ ఒక మాట అడిగేది: ఇందులో ఉన్నదంతా దూరం నుంచి చెరిపేసే అధికారం మీ నిర్వాహకుడికి ఇస్తున్నారు, సమ్మతమేనా? అడిగింది వాళ్లను. నొక్కింది నేను. “నువ్వే నొక్కన్నా, మాకేం సమజైతది” అన్నారు. మా దగ్గర అంతే. కంప్యూటర్ తెలిసినవాడి చేతిలో ఫోన్ పెట్టడమంటే డాక్టరు చేతిలో చెయ్యి పెట్టడమే. ఇక అటు తిరిగి ముచ్చట్లలో పడిపోతారు. అలా అందరి తరఫునా నేనే ఒప్పుకున్నాను. నా తరఫున ఒప్పుకోవడానికే ఇన్నేళ్లూ ఎవరూ దొరకలేదు.

ఎండీ సార్ కూడా తన ఫోన్ ఇచ్చాడు. “నాది గుడ పెట్టు. మంది సూసి నేర్సుకోవాలె” అన్నాడు. ఆయనా చదవలేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఆ వానాకాలం మర్రిగూడ చుట్టుపక్కల మా పత్తి ఏపుగా పెరిగింది. కాయ మాత్రం పట్టలేదు. ఎక్కడ చూసినా ఆకు, ఉత్త ఆకు. ఇంటింటికీ తిరిగి ఆ విత్తనం ఇప్పించింది సైదులే. కొన్నవాళ్లంతా అతని ఊరివాళ్లు, వరసైనవాళ్లు. నిలదీశారు. అతను తప్పించుకుని తిరగలేదు. చేను చేనుకూ పోయి ఫొటోలు తీశాడు: మొక్క, మొక్క పక్కన ఖాళీ విత్తనాల సంచి, సంచి పక్కన రైతు. కొన్నింటిని కంపెనీ మెయిల్లో పై ఆఫీసర్లకు పంపాడు. జవాబు రాలేదు.

అప్పుడే ఒక రోజు నా బల్ల దగ్గరికి వచ్చి, డేటా పొద్దుగాలనే ఒడుస్తున్నది, జర చూడమన్నాడు. చూస్తుండగా ఆ ఫొటోలు కనిపించాయి. ఒకదాంట్లో ఒక ముసలామె, మా నేల నీళ్లలోని ఫ్లోరైడుకు వంకరపోయిన కాళ్లతో, కాయలేని మొక్కను జుట్టు పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడి ఉంది.

“మా పెద్దమ్మ, నర్సమ్మ” అన్నాడు సైదులు. “చేను దున్నెయ్యమన్న. పత్తి ఎట్లన్న పాయె, ఉలవలన్న వస్తయి గదా. ‘నువ్వు ఫొటోలు కొట్టినవ్ గద బిడ్డా, ఇగ నాకేం ఫికర్’ అన్నది.”

అంటే, వ్యవసాయ అధికారులు నష్టం చూడటానికి వచ్చేసరికి చేలో పత్తి ఉండదు. ఆ ఫోన్‌లోనే ఉంటుంది. ఈ సంగతి నాకు అర్థమైంది. అర్థమై కూడా, డేటా మిగలాలని, ఫొటోలు తమంతట తాము నెట్‌లో దాచుకునే ఏర్పాటును ఆపేసి ఫోన్ తిరిగిచ్చాను. సాయం చేశాననుకున్నాను. అతను దండం పెట్టి పోయాడు. నా మూర్ఖత్వం ఇక్కడిదాకా. ఇకమీద రాసేదానికి ఆ పేరు చాలదు.

కొద్ది రోజులకు ఎండీ సార్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన ఎప్పుడూ అలా రాడు, పిలిపిస్తాడు. సైదులును తీసేశామన్నాడు. “వాని ఫోన్ల కంపెనీది ఏది ఉండొద్దు. ఏదంటే ఏది. సమజైందా?”

సమజైంది. నా తెర మీద రెండు మీటలున్నాయి. ఒకటి కంపెనీ మెయిలు వరకే తీసేస్తుంది. రెండోది ఫోన్ మొత్తం ఊడ్చేస్తుంది. ఆయన రెండోది నొక్కమన్నాడా? అనలేదు. మొదటిది నొక్కి, అయిపోయింది సార్ అంటే ఆయనకు తేడా తెలిసేదా? తెలిసేది కాదేమో. కానీ నా వెనక నిలబడ్డాడు. ఆయన ఊపిరి నా చెవికి తగులుతోంది. ఇంటి కిరాయి, నెలలు నిండిన భార్య, ఉన్న ఊళ్లో మళ్లీ దొరకని ఉద్యోగం, ఇవన్నీ అప్పుడు గుర్తొచ్చాయని రాస్తే నాకు నేనే వకీలును పెట్టుకున్నట్టు అవుతుంది. నిజం చెప్పనా? ఏదీ గుర్తు రాలేదు. భయం ఒక్కటే ఉంది. దానికి ముఖం కూడా లేదు. వేలు రెండో మీట మీదికి పోయింది. ఖాయమేనా అని తెర అడిగింది. ఖాయమే అని నొక్కాను. ఎండీ సార్ నా భుజం తట్టాడు. ఆ తట్టిన చోట ఇప్పటికీ చొక్కా బరువుగా ఉన్నట్టుంటుంది.

మర్నాడు సైదులు వచ్చాడు. లోపలికి రానివ్వలేదు. వాచ్‌మన్ కుర్చీ పక్కన నిలబడి నన్ను పిలిపించాడు. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు, దెబ్బ తగిలిన పిట్టను పట్టుకున్నట్టు.

“అన్నా, కొత్త ఫోన్ లెక్క అయింది. ఏం భాష కావాలె అని అడుగుతాంది. జర సూడరాదే.”

తీసుకున్నాను. చూసినట్టు నటించాను.

“వైరస్ వడ్డట్టుంది” అన్నాను.

“ఫొటోలు వస్తయా?”

“రావు.”

“మెయిల్ల పంపినయన్న ఉంటయి గదన్నా?”

“నౌకరితోని మెయిలు గుడ పోతది సైదులూ.”

“మా పెద్దమ్మకు ఏం చెప్పాలె?” అన్నాడు, నన్ను కాదు, ఫోన్‌ను అడిగినట్టు. తర్వాత నా మొహం చూసి, “నువ్వేం జేస్తవ్ తీయన్నా, పాపం” అన్నాడు. నన్ను ఓదార్చాడు. ఓదార్పు అంత భయపెడుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇక్కడ ఆపేస్తే నన్ను ఒక పిరికివాడిగా మీరు క్షమించినా క్షమించొచ్చు. ఆపను. నేను సైదులుతో చెప్పిన రెండో మాట కూడా అబద్ధం. మెయిలు పోలేదు. తీసేసిన మనిషి మెయిలు దాదాపు నెల దాకా క్లౌడ్‌లోనే ఉంటుంది. ఒక్క మీట నొక్కితే, పంపిన ఫొటోలతో సహా వెనక్కి వస్తుంది. మనుషులకు బుద్ధి రావడానికి టైము పడుతుందని ఆ గడువు పెట్టారు కాబోలు. నేను రోజూ తెరిచి చూసేవాణ్ని. సైదులు పేరు, పక్కన కరిగిపోతున్న గడువు. వెనక్కి తెచ్చి, ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని మర్రిగూడ బస్సెక్కితే? కానీ ఆ మెయిళ్ల తాళం నా ఒక్కడి దగ్గరే ఉంది. ఎవరు తీశారని అడగాల్సిన పని కూడా ఉండదు. మందిని కనిపెట్టడానికి నేను పెట్టిన కాపలా నన్నే కనిపెడుతోంది. రేపు చూద్దాం అనుకున్నాను. మర్నాడు కూడా అదే అనుకున్నాను. ఏ పని అడిగినా రేపు అంటానని నా భార్య ఎప్పుడూ దెప్పుతుంది. ఈ ఒక్క పనిలో నా అలవాటు నాకు బాగా పనికొచ్చింది.

ఒక ఉదయం తెరిస్తే ఆ పేరు లేదు.

అప్పుడు నాకేమనిపించిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. హాయిగా అనిపించింది. మబ్బు విడిపోయినట్టు. క్యాంటీన్‌కు పోయి రెండో కప్పు టీ కూడా తాగాను. భయంతో నొక్కిన మీటకు భయాన్ని సాక్ష్యం తెచ్చుకోవచ్చు. ఆ హాయికి ఎవర్ని తెచ్చుకోను?

అధికారులు వచ్చేసరికి చేలల్లో ఉలవలు ఉన్నాయి. ఫొటోలేవంటే సైదులు ఖాళీ ఫోన్ చూపించాడట. ఊరు నమ్మలేదు. కంపెనీ దగ్గర తిని తానే చెరిపేశాడన్నారు. వైరస్ అంటే, గా వైరస్‌కు కంపెనీ ఎంత ఇచ్చిందిరా అని నవ్వారట. నర్సమ్మ అతనితో మాట మానేసింది. ఇంటింటికీ తిరిగిన మనిషి ఏ ఇంటి గడపా తొక్కలేకపోయాడు. చివరికి ఊరు విడిచి, నార్కట్‌పల్లిలో ట్రాలీ ఆటో నడుపుకుంటున్నాడు. ఇదంతా వేరే ఫీల్డుమన్లు భోజనాల దగ్గర చెప్పుకుంటుంటే విన్నాను. పెరుగన్నం కలుపుతూ విన్నాను. కలుపుతూనే ఉన్నాను.

అప్పటినుంచి నేను నొక్కుల ఫోనే వాడుతున్నాను. నిర్వాహకుణ్ని నేనే అయినా నాకు నిర్వాహకుడి మీద నమ్మకం లేదు. హైదరాబాద్ బస్సు నార్కట్‌పల్లిలో ఆగినప్పుడల్లా తలవంచి నా చెప్పులను పరీక్షించేవాణ్ని. ఒకసారి దొరికిపోయాను. కిటికీ ఊచ మీద టకటక చప్పుడు.

“అన్నా! గుర్తువట్టలేదా? నేను, మబ్బు సైదులును!”

జుట్టు నెరిసింది. నవ్వు అదే. చేతిలోని టీ కప్పు కిటికీలోంచి అందించి, పక్కనున్న ఇంకో ఆటో అతనితో అన్నాడు: “ఆఫీసుల నన్ను మనిషి లెక్క సూసిన మనిషి గీ అన్న ఒక్కడే.” టీ మరుగుతోంది. ఒక్క గుక్కలో మింగాను. మాట రాకుండా ఉండటానికి నాలుక కాల్చుకున్నానేమో. ‘నేనే’ అంటే చాలు, అతనికి ఊరు తిరిగి దొరికేది. బస్సు కదిలింది. అతను చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు.

ఇప్పటికీ అతనికి చెప్పలేదు. మీకు చెప్పాను. ఎన్నడూ లేనిది, ఈ పూట ఎవరి ఫోనో మోగితే వాళ్లదే అనిపించింది. ఆ మాత్రం తెరిపి దొరికింది. క్షమాపణ కాదు, నాకు తెలుసు. దాన్ని ఇవ్వగలవాళ్లు మర్రిగూడలో, నార్కట్‌పల్లిలో ఉన్నారు. వాళ్ల దాకా పోయే బస్సులూ ఉన్నాయి.

ఇంకొక్క చిన్న సంగతి మిగిలింది. దానివల్ల నర్సమ్మ చేలో కాయ పట్టదు. న్యాయం కాదు, ఉత్త గిల్లుడు. అయినా చెబుతాను.

మొన్న విత్తనాల అమ్మకాలకు ముందు ఫంక్షన్ హాల్లో డీలర్ల సభ పెట్టారు. మైకు, తెర నా పని. ల్యాప్‌టాప్‌తో వెనక కూర్చున్నాను. ఈమధ్య కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఎండీ సార్ ఫోన్‌లో దాన్నీ ఎక్కించాను, ఆయన అప్పుడూ చదవలేదు. అందులో ఫోన్ పోయినప్పుడు వాడే మీట ఒకటుంది. సైలెంట్‌లో ఉన్నా గట్టిగా మోగుతుంది, మనం రాసిన మాట తెర మీద చూపిస్తుంది, నిర్వాహకుడు ఆపితేనే ఆగుతుంది.

“మన కంపెనీకి రైతు నమ్మకమే అసలు విత్తనం” అన్నాడు ఎండీ సార్ మైకులో.

అదే వేలు. నొక్కాను.

ఆయన జేబు అరిచింది. మైకు ఆ అరుపును హాలంతా పంచింది. ఫోన్ తీశాడు, నొక్కాడు, ఆగలేదు. తెర చూశాడు. అక్కడ ఇలా ఉంది: ఈ ఫోన్ పోయింది. దొరికినవారు మర్రిగూడ సైదులుకు అప్పజెప్పగలరు.

నమ్మకం మీది మాట మధ్యలోనే ఆగిపోయింది. వేదిక దిగి, డీలర్ల మధ్య నుంచి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. అరుస్తున్న ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

“ఏందయ్యా ఇది? జర సూడు.”

తీసుకున్నాను. చూసినట్టు నటించాను.

“వైరస్ వడ్డట్టుంది సార్” అన్నాను.